కాఫీ కప్పు మీద బంగారు నాణెం: ఆ మొహం ఎవరిది, అక్కడికి ఎందుకొచ్చింది?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క కప్పు గురించే. కెమెరాకి కొంచెం దగ్గరగా పెడతాను, చూడండి. తెల్లటి సిరామిక్ కప్పు. దీన్ని మగ్ అనే అమ్ముతారు గానీ, మగ్గు అనగానే మన ఇళ్లల్లో బకెట్ పక్కన ఉండేది గుర్తొస్తుంది కాబట్టి నేను కప్పు అనే అంటాను. మధ్యలో గుండ్రంగా ఒక బంగారు నాణెం బొమ్మ. అందులో ఒక పక్కకి తిరిగి ఉన్న మనిషి మొహం. కిరీటం లేదు. పొట్టి జుట్టు, లావు మెడ. చుట్టూ లాటిన్ అక్షరాలు.

ఇలాంటి కప్పులు యూరప్ మ్యూజియం షాపుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ బోలెడు దొరుకుతాయి. "రినైసాన్స్ డిజైన్" అని రాసి అమ్ముతారు. మనం కూడా "బాగుంది, రాయల్‌గా ఉంది" అనుకుని కొనేస్తాం. కానీ ఈ మొహం మొదట్లో డిజైన్ కాదండీ. అదొక వాదన. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఒక మనిషి తన దగ్గర లేని కాగితానికి బదులుగా తన మొహాన్ని బంగారం మీద కొట్టించాడు. ఆ కథ తెలిస్తే ఈ కప్పుని చూసే తీరే మారిపోతుంది.

ఈయన పేరు ఫ్రాన్సెస్కో స్ఫోర్జా. ఇటలీలో మిలాన్ నగరానికి డ్యూక్. కాలం 1450 నుంచి 1466 వరకు.

ఆయన దగ్గరికి వెళ్లే ముందు, ఆయనకి ముందు బంగారు నాణేలు ఎలా ఉండేవో చూద్దాం. ఇటలీలో రెండు నాణేలు చాలా ఫేమస్. ఒకటి ఫ్లోరెన్స్ నగరం వాళ్ల ఫ్లోరిన్, 1252లో మొదలైంది. రెండోది వెనిస్ వాళ్ల డ్యూకట్, 1284లో మొదలైంది. రెండూ దాదాపు స్వచ్ఛమైన బంగారం. బరువు సుమారు మూడున్నర గ్రాములు. సైజు ఇంచుమించు 20 మిల్లీమీటర్లు, అంటే మన రూపాయి బిళ్ల అంత.

వాటి మీద ఎవరి బొమ్మ ఉండేది? ఫ్లోరిన్ మీద ఒక పక్క లిల్లీ పువ్వు, ఇంకో పక్క సెయింట్ జాన్. డ్యూకట్ మీద ఒక పక్క చుక్కల మధ్య నిలబడిన క్రీస్తు. ఇంకో పక్క సెయింట్ మార్క్ ముందు మోకాళ్ల మీద ఉన్న డోజ్. డోజ్ అంటే వెనిస్ పెద్దలు ఎన్నుకునే పాలకుడు. ఆ బొమ్మలో డోజ్ ఉన్నాడు గానీ, ఆయన మొహం పోలిక ఉండదు. ఎవరు డోజ్ అయినా అదే బొమ్మ, పేరు మాత్రమే మారుతుంది. ఆ మనిషి ఎవరన్నది ముఖ్యం కాదు, ఆ పదవి ముఖ్యం.

మధ్యయుగంలో రాజుల బొమ్మలతో నాణేలు లేవా అంటే ఉన్నాయి. కానీ చాలావాటిలో కిరీటం పెట్టిన ఒక "రాజు గుర్తు" ఉంటుంది, అంతే. తండ్రి చచ్చిపోయి కొడుకు వచ్చినా బొమ్మ పెద్దగా మారదు. సిసిలీని పాలించిన రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి 1231లో పాత రోమన్ చక్రవర్తుల స్టైల్‌లో బంగారు నాణెం వేయించాడు గానీ, అదొక మినహాయింపు.

ఇప్పుడు మన కప్పు మీద ఉన్నాయన దగ్గరికి వద్దాం.

ఫ్రాన్సెస్కో స్ఫోర్జా రాజవంశంలో పుట్టినవాడు కాదు. వాళ్ల నాన్న ముజియో అత్తెందొలో కిరాయి సైన్యాల నాయకుడు. డబ్బులిచ్చిన నగరం తరఫున యుద్ధం చేయడమే వాళ్ల వృత్తి. "స్ఫోర్జా" అసలు ఇంటిపేరు కూడా కాదు. బలానికి వచ్చిన బిరుదు, మొదట తండ్రికి పడిన మారుపేరు. అదే ఇంటిపేరైపోయింది.

మిలాన్‌ని అప్పట్లో విస్కోంతి వంశం ఏలేది. ఆ వంశంలో చివరి డ్యూక్ ఫిలిప్పో మారియా విస్కోంతి. ఆయనకి మగ సంతానం లేదు. పెళ్లి బయట పుట్టిన ఒక కూతురుంది, బియాంకా మారియా. 1441లో ఆమెని ఫ్రాన్సెస్కోకి ఇచ్చి పెళ్లి చేశారు. 1447లో మామగారు పోయారు. మిలాన్ ప్రజలు "మాకు డ్యూకూ వద్దు, గీకూ వద్దు" అని రిపబ్లిక్ ప్రకటించుకున్నారు. అదే రిపబ్లిక్ ఫ్రాన్సెస్కోని సైన్యాధిపతిగా పెట్టుకుంది. ఆయన మెల్లగా పార్టీ మార్చి, చివరికి ఆ నగరాన్నే ముట్టడించాడు. తిండి దొరక్క జనం అల్లాడిపోయారు. 1450లో తలుపులు తెరిచారు. అల్లుడుగారు డ్యూక్ అయిపోయారు.

మరి సమస్య ఎక్కడ? మిలాన్ డ్యూక్ పదవి లెక్క ప్రకారం పవిత్ర రోమన్ చక్రవర్తి ఇవ్వాలి. విస్కోంతీలకి అలాగే వచ్చింది. అప్పటి చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ ఈయనకి ఆ పట్టా ఇవ్వలేదు. ఫ్రాన్సెస్కో బతికున్నంతకాలం ఇవ్వలేదు. అంటే స్వాధీనం ఉంది, రిజిస్ట్రేషన్ లేదు. మన ఊళ్లో పొలం దున్నుకుంటున్నాడు గానీ పట్టాదారు పాస్‌బుక్ లేదన్నట్టు.

అప్పుడు ఆయన మిలాన్ టంకశాలలో తన మొహంతో బంగారు డ్యూకట్ వేయించాడు. రినైసాన్స్ ఇటలీలో పాలకుడి నిజమైన పోలికతో వచ్చిన తొలి బంగారు నాణేల్లో అది ఒకటి. వెనక వైపు గుర్రం మీద కత్తి ఎత్తిన డ్యూక్. అక్షరాలు చదివితే ఇంకా మజా వస్తుంది. ఫ్రాన్సెస్కో స్ఫోర్జా అని రాసి, పక్కనే కుదించిన అక్షరాల్లో విస్కోంతి అని కూడా వేయించాడు. అంటే అత్తింటి ఇంటిపేరు. ఇల్లరికపు అల్లుడు మామగారి ఇంటిపేరు పెట్టుకుని, దాన్ని బంగారం మీద కొట్టించి ఊరంతా పంచాడన్నమాట.

అప్పట్లో టీవీ లేదు, పేపర్ లేదు, ఫ్లెక్సీలు లేవు. సంతలో బేరమాడే వర్తకుడు తన డ్యూక్ ఎలా ఉంటాడో జీవితంలో చూసి ఉండకపోవచ్చు. కానీ ఈ నాణెం చేతికొస్తే చూస్తాడు. "మీ పాలకుడు ఇడుగో, వీడే" అని జేబులోకి దూరి చెప్పే సాధనం అది. పట్టా లేదని చక్రవర్తి అంటాడు. రోజూ నా మొహంతోనే కదా మీ లావాదేవీలు జరుగుతున్నాయి అని ఈయన జవాబు.

ఈ ఐడియా ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత రోమన్ నాణేల నుంచి. ఆ కాలం ఇటలీలో చదువుకున్నవాళ్లకి రోమన్ నాణేలు సేకరించడం పెద్ద పిచ్చి. అంతకు వందేళ్ల ముందే, 1354లో, కవి పెట్రార్క్ చక్రవర్తి నాలుగో చార్లెస్‌ని కలిసినప్పుడు పాత రోమన్ చక్రవర్తుల బొమ్మలున్న బంగారు, వెండి నాణేలు బహుమతిగా ఇచ్చాడు. వీళ్లలా బతుకు అని చెప్పడానికి. తర్వాత 1438, 39 ప్రాంతంలో పిసానెల్లో అనే చిత్రకారుడు ఫెర్రారాకి వచ్చిన బైజాంటిన్ చక్రవర్తి ఎనిమిదో జాన్ మొహంతో ఒక కంచు పతకం పోతపోశాడు. అది హిట్. రాజులూ సేనాపతులూ మాకూ కావాలని లైన్ కట్టారు. ఫ్రాన్సెస్కో డ్యూక్ కాకముందే ఆయనకీ పిసానెల్లో ఒక పతకం చేసిపెట్టాడు.

అయితే పతకం వేరు, నాణెం వేరు. పతకాన్ని పోతపోస్తారు, నిదానంగా, పదులలో. నాణేన్ని కొడతారు, వేలల్లో. గట్టి లోహపు అచ్చు మీద మొహాన్ని తిరగేసి, లోపలికి చెక్కాలి. ముక్కు ఎత్తుగా రావాలంటే అచ్చులో ముక్కు లోతుగా ఉండాలి. కింది అచ్చుని దుంగలో బిగించి, మీద బంగారు బిళ్ల పెట్టి, పై అచ్చు ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. బిళ్ల మందం అర మిల్లీమీటరు కాస్త దాటుతుంది, అంతే. అంత పల్చటి దాంట్లో ఎదురుగా చూసే మొహం చెక్కితే ముక్కు చదునైపోతుంది, ఎవరో గుర్తుపట్టలేం. పక్కకి తిరిగితే నుదురు, ముక్కు, గడ్డం ఒక్క గీతలో వచ్చేస్తాయి. కప్పు మీద ఈయన పక్కకి చూడటం వెనక రోమన్ ఫ్యాషన్‌తో పాటు ఈ ఇంజనీరింగ్ కారణం కూడా ఉంది.

ఇప్పుడు అసలు ట్విస్ట్. వెనిస్‌లో ఏమైందో చూడండి. 1472లో డోజ్ నికోలో ట్రోన్ కూడా ముచ్చటపడి తన మొహంతో ఒక వెండి నాణెం వేయించాడు. మరుసటి ఏడు ఆయన పోయాడు. వెనిస్ పెద్దలు వెంటనే రూల్ పెట్టేశారు: ఇకపై ఏ డోజ్ మొహమూ నాణెం మీద ఉండకూడదు, సెయింట్ మార్క్ ముందు మోకరిల్లిన పాత బొమ్మే ఉండాలి. ఎందుకంటే నాణెం మీద మొహం అంటే "ఈ రాజ్యం నాది" అని చెప్పడం. వెనిస్ రిపబ్లిక్. అది ఏ ఒక్కరిదీ కాదు.

మన దగ్గరా ఇలాంటి నిర్ణయమే జరిగింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో మన నాణేల మీద నుంచి బ్రిటిష్ రాజు తల తీసేసి అశోకుడి సింహాల గుర్తు పెట్టారు. మొహం పోయి గుర్తు వచ్చింది. వెనిస్ చేసిన పని అర్థం కావడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

సరే, మొహం లేని ఆ వెనిస్ డ్యూకట్ గతి ఏమైంది? అదే ఎక్కువ నడిచింది. 1284లో మొదలైన బొమ్మ, దాదాపు అదే బరువు, అదే నాణ్యత, 1797లో ఆ రిపబ్లిక్ అంతమయ్యే దాకా. అంటే 500 ఏళ్లు. మధ్యధరా సముద్రం దాటి, ఈజిప్టు మీదుగా మిరియాల వ్యాపారంతో మన దక్షిణ భారతం దాకా వచ్చింది. 15వ శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్లిన ఇటలీ వర్తకుడు నికోలో కోంటి, ఇండియాలో కొన్నిచోట్ల వెనిస్ డ్యూకట్లు చెల్లుతున్నాయని చెప్పాడు. మన విజయనగర వరహా బరువు సుమారు 3.4 గ్రాములు. డ్యూకట్‌కి చాలా దగ్గర. తక్కెడలో ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి వేస్తే పెద్ద తేడా రాదు. కృష్ణదేవరాయల వరహా మీద ఏముందో తెలుసా? కూర్చున్న బాలకృష్ణుడు. వెనక నాగరి లిపిలో రాయల పేరు. అంత పెద్ద రాజు కూడా బంగారం మీద మొహం దేవుడికిచ్చి, పేరు తను తీసుకున్నాడు.

మన తీరంలో వర్తకుడు డ్యూకట్ తీసుకునేటప్పుడు సెయింట్ మార్క్ ఎవరో ఆలోచించి ఉంటాడా? తక్కెడలో వేసి చూస్తాడు. గీటురాయి మీద గీసి చూస్తాడు. అంచులు గోకి బంగారం కొట్టేశారేమో చూస్తాడు, అప్పట్లో అదో పెద్ద దొంగ వ్యాపారం. మన సాఫ్ట్‌వేర్ భాషలో బొమ్మ యూజర్‌నేమ్ లాంటిది, బరువూ నాణ్యతా వెరిఫికేషన్. బొమ్మ చూసి గుర్తుపడతాం. నమ్మేది మాత్రం బరువుని. వందసార్లు తూచినా ఒకేలా తూగితే, ఆ తర్వాత బొమ్మ చూడగానే నమ్మడం అలవాటవుతుంది. నమ్మకం అలా ఎక్కుతుంది బొమ్మకి.

ఇక్కడో చిన్న మాట ముచ్చట. వెనిస్ టంకశాలని జెక్కా అంటారు. అది అరబ్బీ "సిక్కా" నుంచి వచ్చిన మాట, నాణెం అచ్చు అని అర్థం. అదే సిక్కా మన హైదరాబాద్ రాజ్యంలో నిజాం గారి హాలీ సిక్కా అయింది. ఆ నాణెం మీద కూడా నిజాం మొహం ఉండదు, చార్మినార్ ఉంటుంది. ఒకే మాట అటు వెనిస్‌కీ, ఇటు చార్మినార్‌కీ చేరింది.

మరి మొహం వేయించుకున్న స్ఫోర్జాల సంగతి? ఫ్రాన్సెస్కో కొడుకు గలియాజ్జో మారియా ఇంకా ఘనంగా వేయించుకున్నాడు. బంగారంలోనూ, టెస్టోన్ అనే పెద్ద వెండి నాణెంలోనూ. టెస్టోన్ అంటేనే "పెద్ద తలకాయ" అని. 1476 డిసెంబర్ 26న మిలాన్‌లో శాంతో స్తెఫానో చర్చిలో ముగ్గురు మిలాన్ మనుషులే ఆయన్ని పొడిచి చంపేశారు. ఆయన మొహం ఊరందరి జేబుల్లో ఉంది, ప్రాణం మాత్రం నిలవలేదు. తర్వాత తమ్ముడు లుడోవికో వచ్చాడు. లియొనార్దో డావించీకి పనిచ్చినాయన. ఆయన అన్న కూతుర్ని మాక్సిమిలియన్‌కిచ్చి పెళ్లి చేసి, సుమారు 4 లక్షల డ్యూకట్ల కట్నం ముట్టజెప్పి, ఎట్టకేలకు ఆ పట్టా సంపాదించాడు. అప్పటికి ఫ్రాన్సెస్కో పోయి దాదాపు 30 ఏళ్లు. నాణెం మీద మొహం వేసుకోవడంతో సరిపోయి ఉంటే, ఇంత కట్నం ఎందుకండీ? పట్టా వచ్చాక కూడా ఐదారేళ్లే. 1499లో ఫ్రెంచి వాళ్లు మిలాన్ పట్టుకున్నారు. అదే టంకశాలలో ఫ్రాన్స్ రాజు పన్నెండో లూయీ మొహంతో బంగారు నాణేలు పడ్డాయి. సుత్తి అదే, ఊరు అదే, మొహం మారింది.

ఇప్పుడు మళ్లీ కప్పు దగ్గరికి. నేను ఇంజనీర్‌ని కాబట్టి లెక్క వేయకుండా ఉండలేను. సిరామిక్ మీద నిజం బంగారం వేయాలంటే, బంగారు సమ్మేళనాన్ని జిగురు నూనెల్లో కలిపిన ద్రవం పూసి కొలిమిలో 700, 800 డిగ్రీల దగ్గర కాలుస్తారు. నూనెలు కాలిపోయి బంగారపు పొర మిగులుతుంది. దాని మందం సుమారు మైక్రాన్‌లో పదో వంతు. 3 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి బొమ్మ మొత్తం ఇలా పూశారనుకుందాం. వైశాల్యం 7 చదరపు సెంటీమీటర్లు. మందంతో, బంగారం సాంద్రత 19.3తో గుణిస్తే వచ్చేది సుమారు 1.4 మిల్లీగ్రాములు. డ్యూకట్‌లో ఉన్నది 3,500 మిల్లీగ్రాములు. అంటే ఒక్క డ్యూకట్ కరిగిస్తే దాదాపు 2,500 కప్పులకి పూత వేయొచ్చు.

అదీ నిజం బంగారం వాడితే. చాలా కప్పుల్లో ఉండేది పసుపు, గోధుమ రంగుల ప్రింటు మాత్రమే. ఇదేమీ ఈ కాలపు మోసం కాదు లెండి. స్ఫోర్జాల కాలం దాటాక, 1500ల మొదట్లో, ఇటలీలో దెరూతా, గుబ్బియో ఊళ్ల కుమ్మరులు బంగారంలా మెరిసే పళ్లేలు చేసేవాళ్లు. కొన్నిటి మీద మొహాలు కూడా. వాటిలో బంగారం చిటికెడు లేదు. వెండి, రాగి సమ్మేళనాలు పూసి, పొగ నిండిన బట్టీలో ఇంకోసారి కాలిస్తే వచ్చే మెరుపు అది. కొనేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. పళ్లేన్ని పళ్లెంగానే కొన్నారు.

మీరు ఇలాంటి కప్పు కొంటుంటే మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, ప్రింటు ఏ రకం. మన ఊళ్లో ఫొటో స్టూడియోలో పుట్టినరోజు ఫొటో వేసిచ్చే కప్పు అయితే, పైన ప్లాస్టిక్ లాంటి పూత ఉంటుంది. హీట్ ప్రెస్‌లో రంగు ఆ పూతలోకి ఎక్కుతుంది. పీచుతో గట్టిగా తోమితే కొన్నాళ్లకి వెలిసిపోతుంది. అదే డెకాల్ అంటించి కొలిమిలో కాల్చినదైతే రంగు గ్లేజులో కలిసిపోతుంది, చాలా ఏళ్లు ఉంటుంది. రెండు, నిజం బంగారం పూత ఉంటే మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. అది లోహం, నిప్పురవ్వలు వస్తాయి. మూడు, రంగుల బొమ్మ కప్పు లోపలికీ, పెదవి తగిలే అంచుకీ రాకుండా ఉంటే మంచిది.

చివరిగా ఒక్క మాట. వెనిస్ డ్యూకట్‌కి తర్వాత జెక్కీనో అనే పేరొచ్చింది, జెక్కా నుంచే. దాని నుంచే ఇంగ్లీషులో సీక్విన్ వచ్చింది. అవునండీ, ఇప్పుడు పెళ్లిళ్లలో కట్టే సీక్విన్ చీర ఉంది చూశారా, మన చమ్కీలు, ఆ పేరు ఈ బంగారు నాణెం పేరే. బరువు పోయింది, మెరుపు మిగిలింది. కప్పు మీదా అదే జరిగింది. అందులో తప్పేం లేదు. చమ్కీ చమ్కీగా అందమే, కప్పు కప్పుగా అందమే.

మెరుపుని చూసి బరువుందనుకున్నప్పుడే చిక్కు. డీపీలో ఒక పెద్ద ఆఫీసర్ ఫొటో పెట్టి "అర్జెంటుగా డబ్బులు పంపండి" అని మెసేజ్ వస్తే మనలో ఎంతమంది పంపేస్తున్నారు? ఆరొందల ఏళ్ల కిందటి వర్తకుడికి ఫోన్ లేదు, చాలామందికి చదువూ లేదు. అయినా డ్యూక్ మొహం ఉంది కదా అని నాణెం జేబులో వేసుకోలేదు. ముందు తక్కెడలో వేశాడు. మనం కూడా మొహం చూసి ఆగిపోకుండా, ఆ మనిషికి ఒక ఫోన్ కొట్టి కనుక్కుంటే చాలు. అదే మన గీటురాయి.

మీ ఇంట్లో పాత నాణేలు గానీ, తాతల నాటి కాసులపేరు గానీ ఉంటే ఒకసారి తీసి, వాటి మీద ఎవరి బొమ్మ ఉందో, ఎవరిది లేదో చూడండి. కామెంట్లలో రాయండి, నేను చదువుతాను. ఎపిసోడ్ నచ్చితే ఇంకొకరికి పంపండి. వచ్చేవారం మళ్లీ కలుద్దాం. ఉంటానండీ.